తెల్లవారగట్ల తాళాన్ని మరిచిపోయే కారు

ముందే ఒప్పేసుకుంటున్నాను, తరవాత మీరు నిలదీసే శ్రమ ఉండదు. నేను కాస్త ఎక్కువ చేసి చెబుతాను. కాస్త అనడం కూడా తగ్గించి చెప్పడమే. మా ఇంటి ముందు కాలువలో జానెడు బొమ్మిడాయి చేప కనిపిస్తే సాయంత్రానికి అది మూరెడవుతుంది. ఆదివారానికల్లా గట్టెక్కి నా క్షేమసమాచారాలు అడిగి ఉంటుంది. మా ఆవిడ ఇరవై ఆరేళ్ల కాపురంలో దీనికో పద్ధతి కనిపెట్టింది. నేను ఏది చెప్పినా నాలుగుతో భాగిస్తుంది. వచ్చినదాంట్లోంచి నా గురించి నేను చెప్పుకున్నది తీసేస్తుంది. మిగిలింది నిజం. మీరూ అలాగే చేసుకోండి, నాకేమీ చిన్నతనం లేదు.

అయితే ఒకటి. మీటరు పన్నెండున్నర వోల్టులు చూపిస్తే నేను పన్నెండున్నరనే చెబుతాను. మనుషుల దగ్గర గొప్పలకు పోతే నవ్వి ఊరుకుంటారు, కరెంటు ఊరుకోదు.

నా కొట్టు అమలాపురంలో, బస్టాండు వెనక సందులో. బోర్డు మీద ఆటో ఎలక్ట్రీషియన్ అని ఉంటుంది గాని, పదేళ్లుగా నా దగ్గరికి వస్తున్నవన్నీ తాళం జబ్బులే. పూర్వం కారు తాళమంటే ఇనప ముక్క. దూరిస్తే దూరేది, తిప్పితే తిరిగేది. ఇప్పుడు దాని కడుపులో గోరంత చిప్పు ఉంటుంది. కారులోని కంప్యూటరు ఆ చిప్పును పలకరించి, ఇది మన తాళమే అని నమ్మితేనే ఇంజనుకు పెట్రోలు వదులుతుంది. నమ్మకపోతే రాష్ట్రపతి వచ్చి కూర్చున్నా కదలదు. ఈ కాపలాదారు పేరు ఇమ్మొబిలైజర్. ఇంకా కొత్త బళ్లలో తాళం జేబులోంచి తియ్యక్కర్లేదు. హ్యాండిలు పట్టుకుంటే తలుపు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే ఇంజను అందుకుంటుంది. సుఖం ఎక్కువైన చోట జబ్బులూ నాజూకుగానే ఉంటాయి.

అందుకే నా కొట్లో ఒక పద్ధతి పెట్టాను. బండి మీద చెయ్యి వెయ్యకముందే ఆర్సీ కాగితం చూస్తాను. ఉన్న తాళాలన్నీ బల్ల మీద పెట్టమంటాను. బండి ఎవరిదో ఆ మనిషి నా ఎదుట స్టూలు మీద కూర్చోవాలి. తాళాలు తెరవడం తెలిసినవాడికి, దొంగకి మధ్య ఉన్న గోడ ఆ కాగితమే. మా మావగారి బండి వచ్చినప్పుడూ కాగితం అడిగాను. ఆయన ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. నాలుగుతో భాగించినా మూడు నెలలు.

ఇక అసలు సంగతి. ఆ టీచర్ గారిది ఉప్పలగుప్తం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సగం కోనసీమకు ఎక్కాలు నేర్పింది ఆవిడే, మిగతా సగానికి ఎక్కాలు తప్పితే ఏమవుతుందో నేర్పిందీ ఆవిడే. రిటైరయ్యాక డ్రైవింగు నేర్చుకున్నారు. సరదాకి కాదు. ఆవిడ భర్త పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన కిడ్నీలు మొండికేశాయి. మంగళ, గురు, శనివారాలు పొద్దున్న ఆరింటికల్లా అమలాపురంలో డయాలసిస్ మంచం మీద ఉండాలి. అయిదుంబావుకి ఇంట్లోంచి కదలాలి. ఆ కారు ఇంటికి వచ్చింది ఆ పని కోసమే.

జనవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. లెక్క చదివినట్టు చెప్పారు.

"బాబూ, పొద్దున్న అయిదుంబావుకి తాళం కనబడలేదని రాస్తుందండి. పదింటికి మెకానిక్కు వస్తే శుభ్రంగా స్టార్టవుతుందండి. ఆయన నాకేసి చూస్తాడండి, ఈవిడకి బటన్ నొక్కడం రాదన్నట్టు."

రోజూ కాదట. వారంలో ఒకసారో రెండుసార్లో. మామూలు మనిషికైతే అది చిరాకు, ఆటో పిలుచుకుని వెళ్లిపోతాడు. ఇక్కడ అలా కాదు. పోస్టుమాస్టారు గారికి ఆ సూదులన్నా, నాలుగు గంటలు కదలకుండా పడుకోవడమన్నా మా చెడ్డ విసుగు. కారు మొరాయించిన పొద్దున ఆయన కుర్చీలోంచి లేచి, బండికే ఇష్టం లేనట్టుంది టీచర్ గారూ అని, చొక్కా విప్పేసి వెళ్లి పడుకునేవారట. ఊరంతా పిలిచినట్టే ఆయనా భార్యను టీచర్ గారనే పిలుస్తారు. ఆటో అంటే ఆ కుదుపులకి నా ఒళ్లు ఓపదనేవారు. అలా మూడు వారాల్లో మూడుసార్లు మానేశారు. కాళ్లు పొంగాయి. పడుకుంటే ఆయాసం వస్తోంది. ఇంకొక్కటి మానినా నా పూచీ లేదని డాక్టరు గారు చెప్పేశారు.

ఆ మర్నాడు పదింటికి వెళ్లాను. కాగితం చూశాను, రెండు తాళాలూ చూశాను. హ్యాండిలు పట్టుకుంటే తలుపు తెరుచుకుంది. బటన్ నొక్కితే ఇంజను అందుకుంది. నలభైసార్లు నొక్కాను, నలభైసార్లూ నవ్వుతూ లేచింది. తాళంలోని బిళ్ల బ్యాటరీ కాస్త నీరసంగా ఉంటే మార్చాను. అంతటితో ఊరుకుంటే మర్యాదగా ఉండేది. తాళం బ్యాటరీల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాను. టీచర్ గారు కాఫీ ఇచ్చి, చివరి బెంచీ పిల్లాడు చెప్పే జవాబు విన్నట్టు విన్నారు.

మంగళవారం అయిదూ ఇరవైకి ఫోన్ మోగింది. నేను పడక మీద నుంచే గంభీరంగా, తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి పట్టుకుని నొక్కమన్నాను. తాళంలో బ్యాటరీ చచ్చిపోయినా బండి కదలడానికి కంపెనీవాళ్లు పెట్టిన దొడ్డిదారి అది. మొదటి రోజే చెప్పాల్సింది, ఉపన్యాసంలో పడి మరిచాను. అవతల ఇంజను మోగడం వినిపించింది. శభాష్ అనుకున్నాను.

"ఇంజను మోగుతోంది బాబూ," అన్నారు టీచర్ గారు. "మనిషి దుప్పట్లో ఉన్నారు."

బతిమాలి బతిమాలి ఏడింటికి తీసుకెళ్లారట. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని రెండు గంటల పాటు మాత్రం చేయించుకొచ్చారు. ఇంక తాళాన్ని ఆనించి బుజ్జగిస్తే గాని లేవని బండి తాను ఎక్కనన్నారు పోస్టుమాస్టారు గారు. దారిలో ఆగిపోతే ఎవరు దిక్కన్నారు. అంటే నేను బండిని ఎలాగోలా లేపితే చాలదు. ఆయన కళ్ల ముందు, మొదటి నొక్కుకే, ఏ వంకా దొరక్కుండా లేవాలి.

బుధవారం టీచర్ గారు తన తమ్ముడు గారితో కలిసి కొట్టుకు వచ్చారు. ఆయనకు చేపల చెరువులున్నాయి. చెరువు దగ్గర మోటారు మొరాయిస్తే స్టార్టరు పక్కన పడేసి నేరుగా వైరు కలిపే రకం. అదే వైద్యం కారుకూ ఆలోచించుకొచ్చారు.

"ఆ లాకు మొత్తం పీకించేద్దామక్కా," అన్నారు. "మనకి తెలిసినతను ఉన్నాడు. రెండు గంటల్లో పీకేస్తాడు. ఏవండీ మేస్త్రీ గారూ, పీకితే స్టార్టవుతుందా, అవదా?"

"అవుతుందండి. ఎవరికైనా అవుతుందండి."

తమ్ముడు గారికి ఆ మాట అరిగించుకోవడానికి కొంచెం సమయం పట్టింది. ఆ లోపల నేను మిగతాదీ చెప్పాను. తాళం ఆనిస్తే బండి లేచింది. అంటే కాపలాదారు మంచివాడే, చిప్పూ మంచిదే. జబ్బు వేరే చోట ఉంది. మంచివాణ్ని పీకేసి, జబ్బును ఉంచుకుంటామంటే నా కొట్లో కుదరదు. పైగా స్టీరింగు కింద పసుపు తొడుగుల వైర్లుంటాయి. అవి గుద్దుకున్నప్పుడు తెరుచుకునే గాలిసంచులవి. ఏది ఏ వైరో తెలియక వాటిలో టెస్ట్ ల్యాంపు గుచ్చినవాడి మొహం అంతర్వేది దాటి సముద్రంలో దొరుకుతుంది. పెంచాను, కాని మొహం ఉన్నచోట ఉండదన్నది పెంచింది కాదు.

టీచర్ గారు తమ్ముడి వైపు తిరిగారు. "జవాబు తప్పొచ్చిందని స్లేటు బద్దలు కొడతామేంట్రా? ఎక్కడ తప్పిందో చూడాలి." తరవాత నాతో, "రేపు గురువారం. మీరు పదింటికి కాదు, అయిదింటికి రండి. జబ్బు ఉన్నప్పుడు రండి," అన్నారు.

ఇన్నేళ్ల అనుభవం ఉన్న నాకు తట్టని మాట అది. జబ్బు తెల్లవారగట్ల వస్తుంటే వైద్యుడు పదింటికి వెళ్లి నాడి పట్టుకుంటున్నాడు.

గురువారం స్కూటరెక్కాను. పావుగంట దారి, నాకు రెండు రోజులు పట్టింది. ఫిబ్రవరి మంచు ఎంత దట్టంగా ఉందంటే కొబ్బరి చెట్లకు మొదళ్లు మాత్రమే ఉన్నాయి, తలకాయలు ఇంకా పంపిణీ కాలేదు. ఎదురుగా వస్తున్న పాలవాడు నన్ను చూసి మేఘమనుకుని పక్కకు తప్పుకున్నాడు. అలా వెళ్లి అయిదుకు పది నిమిషాల ముందే వాళ్ల గేటు తీశాను.

పోర్టికో కింద కారు ఉంది. పక్కన కుర్చీలో పోస్టుమాస్టారు గారు మఫ్లరు చుట్టుకుని, ఉతికిన చొక్కాతో కూర్చుని ఉన్నారు. ఒళ్లో పాత ట్రాన్సిస్టరు గరగరమంటోంది. ఆ గరగరలోంచి అప్పుడప్పుడూ ఒక భక్తిపాట తల బయటపెట్టి మళ్లీ మునుగుతోంది. టీచర్ గారు ఆస్పత్రి ఫైలు, ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డారు. పోర్టికో కప్పుకు వేలాడుతున్న క్రిస్మస్ స్టార్ వెలుగులో నేను సంచి విప్పాను.

హ్యాండ్ బ్రేకు వేసి ఉందా, గేరు న్యూట్రల్లో ఉందా, బండి ముందు ఎవరైనా నిలబడ్డారా, మొదట అవి. లేచినప్పుడు బండి ముందుకు దూకితే జబ్బు సంగతి తరవాత, మనుషుల సంగతి చూసుకోవాలి. బ్యాటరీకి మీటరు పెట్టాను. పన్నెండున్నర. తలుపులు మళ్లీ లాక్ చేసి, తాళం జేబులో పెట్టుకుని హ్యాండిలు పట్టుకున్నాను. పలకలేదు. తాళం మీది బొత్తాం నొక్కితే తలుపు టక్కున తెరుచుకుంది. లోపల కూర్చుని బటన్ నొక్కితే, తాళం కనబడలేదని స్టీరింగు ముందు మీటర్ల మధ్య అక్షరాలు వెలిగాయి. రెండో తాళంతో చూశాను. అదే మాట. తాళాన్ని బటన్‌కి ఆనించాను. ఇంజను లేచింది. ఆపేశాను.

టీచర్ గారు ఎందుకు ఆపేరని అడిగారు. లేపడానికి రాలేదు, ఎందుకు లేవడం లేదో చూడడానికి వచ్చానన్నాను. తరవాత ఆవిడకు, జనాన్నీ బళ్లనూ గోదారి దాటించే పంటు రేవు పోలిక చెప్పాను. గోదారి ఇవతలి ఒడ్డున కారు నిలబడి, ఓయ్ అని సన్నగా పిలుస్తుంది. అవతలి ఒడ్డున పంటువాడు, అంటే తాళం, ఆ పిలుపు వినబడితే గట్టిగా ఆయ్ అంటాడు. తాళం బొత్తాం పనిచేసిందంటే పంటువాడి గొంతు బాగానే ఉంది. ఆనిస్తే లేచిందంటే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపడుతున్నారు. కారు పిలిచే ఆ సన్న పిలుపే అవతలికి చేరడం లేదు. పిలిచే గొంతన్నా పాడై ఉండాలి, లేదా రేవులో ఎవరో మైకు పెట్టి ఊదరగొడుతూ ఉండాలి.

టైము అయిదూ పది. "ఇవాళ కూడా లేనట్టేనా బాబూ?" అన్నారు పోస్టుమాస్టారు గారు. ఆ గొంతులో విచారం వెతికినా దొరకలేదు.

అప్పుడు నేను గట్టిగా ఊపిరి తీసుకుని, ఆయన ఒళ్లోని ట్రాన్సిస్టరు అందుకున్నాను. బాంబులు వెతికే దళంలా దాన్ని పట్టుకుని కారు చుట్టూ తిరిగాను. గేటు దగ్గర పాట స్పష్టంగా వచ్చింది. కారు దగ్గరికి వస్తే గరగర. చెయ్యి పైకెత్తి స్టార్ దగ్గర పెట్టేసరికి అది పెయ్యను పోగొట్టుకున్న గేదెలా అరిచింది. ఉప్పలగుప్తం మండలమంతా లేచి కూర్చుంది. నేను ఆ స్టార్‌ను ఆపమని ఆజ్ఞాపించాను. చీకటి పడింది. రేడియోలో పాట శుభ్రంగా వచ్చింది. తలుపు లాక్ చేసి హ్యాండిలు మీద చెయ్యి వేశాను, తెరుచుకుంది. బటన్ నొక్కాను, ఇంజను లేచింది.

జరిగింది ఇదీ. ఏటా ఆ స్టార్‌లో మామూలు బల్బు పెట్టేవారు. ఆ ఏడు సంతలో దొరికిన ఎల్ఈడీ దండ పెట్టారు. ఆ దండతో వచ్చిన అగ్గిపెట్టంత ఎడాప్టరు కరెంటు మింగి రొద కక్కుతుంది. మనకు వినబడదు, తాళానికి చెవుల్లో సీసం పోసినట్టుంటుంది. సాయంత్రం వెలిగించి, తెల్లారి ఎండ వచ్చాక ఆపుతారు. అందుకే పదింటికి వచ్చిన మెకానిక్కులందరికీ, నాతో సహా, బండి మంచిదే. కారు పూర్తిగా ఆ స్టార్ కిందికి వచ్చి ఆగిన రోజే ఈ రోగం, సగం బయట ఆగితే లేదు. ఫిబ్రవరిలో క్రిస్మస్ స్టార్ ఏమిటంటారా? ఏటా పోస్టుమాస్టారు గారే స్టూలెక్కి కట్టి, ఆయనే దింపుతారు. ఆ ఏడు కట్టడం తమ్ముడు గారు కట్టారు గాని, దింపడం మాత్రం ఆయనే దింపాలని టీచర్ గారు పట్టుబట్టారు. ఆయనకు స్టూలెక్కే ఓపిక వచ్చేదాకా అది అక్కడే వెలగాలన్నారు.

ఆ సాయంత్రమే మంచి ఎడాప్టరు తీసుకెళ్లి మార్చాను. స్టార్ వెలుగుతుండగా, కారు సరిగ్గా దాని కింద ఉండగా, రెండు తాళాలతో, ఇటు తలుపూ అటు తలుపూ, ఒక్కోటి పదేసి సార్లు చూశాను. ఇది పెంచిన పది కాదు. బాగుచేశానని చెప్పడానికి ముందు జబ్బు వచ్చిన చోటే నిలబెట్టి చూడాలి, అదొక్కటే నాకు గట్టిగా తెలిసిన విద్య.

ఇప్పుడు అబద్ధం ఎక్కడుందో చెప్పాలి. మంచు, పాలవాడు, లేచి కూర్చున్న మండలం, అవన్నీ ఉన్నవాటిని పెంచినవి. లేనిదాన్ని పుట్టించింది ఒక్కచోటే. రేడియో నేను తీసుకోలేదు.

అయిదూ పదికి నేను స్టీరింగు కింద మోకాళ్ల మీద ఉన్నాను. మైకు సంగతి నోటితో అన్నానే గాని మైకు కోసం తల ఎత్తి చూడలేదు. పిలిచే గొంతే పాడైందని తేల్చేసి, లోపలి ఏంటెన్నా విప్పాలి, వారం పడుతుంది టీచర్ గారండీ అన్నాను. ఎంతో ధైర్యంగా అన్నాను. తప్పు జవాబును అంత ధైర్యంగా చెప్పినవాణ్ని ఆవిడ సర్వీసులో చూసి ఉండరు.

టీచర్ గారు ఫైలు మూసి, ఆయన కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"ఏవండీ, మీకు నాతో ఇంకొన్నాళ్లు ఉండాలని లేదా?"

కసురుకోలేదు, ఏడవలేదు. నాలుగో ఎక్కం అడిగినంత మామూలుగా అడిగారు. ఆయన మఫ్లరు అంచు నలిపారు. తరవాత ఒళ్లోని ట్రాన్సిస్టరు పైకెత్తి స్టార్ వైపు పట్టుకున్నారు. అది అరిచింది.

"ఆ స్టారు ఆపమనండి, టీచర్ గారూ. అది కట్టినప్పట్నుంచీ దీని కింద ఇది ఇలాగే ఏడుస్తోంది. రెండుసార్లు తెల్లారగట్ల కరెంటు పోయింది. ఆ రెండుసార్లూ రేడియో బాగుంది, బండీ బాగుంది. చూసేను."

"చూసి చెప్పలేదేమండీ?"

"బండికి ఇష్టం లేదనుకుంటే నాకు హాయిగా ఉండేదండి."

ఆవిడ లేచి వెళ్లి స్విచ్చి ఆపారు. ఆ చీకట్లో ట్రాన్సిస్టరులో పాట శుభ్రంగా వచ్చింది. నేను బయటికొచ్చి తలుపు లాక్ చేసి, హ్యాండిలు పట్టుకోబోయి ఆగి, తాళం టీచర్ గారి చేతిలో పెట్టాను. ఆ తలుపు తెరవాల్సింది నేను కాదనిపించింది. టీచర్ గారు తెరిచారు. ఆయన నా భుజం పట్టుకుని లేచి, కారెక్కుతూ, మీరే కనిపెట్టేరని చెప్పుకోండి బాబూ, ఆయ్, మీరైతే బాగా చెబుతారు, అన్నారు. ఏడాదిగా ఊరూరా అలాగే చెప్పుకొచ్చాను. మొన్న డయాలసిస్ గదిలో, మానేస్తానని మారాం చేస్తున్న పక్క మంచం ఆయనకు ఈ కథంతా పోస్టుమాస్టారు గారే స్వయంగా చెప్పేశారట. ఇక నేను దాచి లాభం లేదు.

ఆ పొద్దున ఆయన బెల్టు తానే పెట్టుకున్నారు. టీచర్ గారు అద్దం సర్దుకుని, బటన్ నొక్కి, గడియారం చూశారు.

"అయిదూ పద్దెనిమిది," అన్నారు. "మూడు నిమిషాలు మీ వల్లే."

"ఆయ్," అన్నారాయన.